అన్నిటికీ ‘బాగుంది’ అనకండి: జపాన్ అత్తవారింట్లో మొదటి పది రోజులు

ప్రశ్న: మావారిది జపాన్. ఇద్దరం ఉద్యోగాల మీద వేరే దేశంలో ఉన్నప్పుడు పరిచయమై పెళ్ళి చేసుకున్నాం. ఈ డిసెంబర్ చివర్లో మొదటిసారి వాళ్ళ ఊరు మితోకి వెళ్తున్నాం. పది రోజులుంటాం, కొత్త సంవత్సరం అక్కడే. నేను గొడ్డు మాంసం, పంది మాంసం తినను. కోడి, గుడ్డు, వండిన చేప తింటాను. పచ్చి చేప ఎప్పుడూ ముట్టలేదు. పులియబెట్టిన సోయా గింజల నట్టో అయితే వీడియోలో చూస్తేనే కడుపులో తిప్పుతోంది. “ఏది పెట్టినా ఒక్క ముద్ద తిని బాగుందను, అమ్మ సంతోషిస్తుంది” అంటున్నారు మావారు. ఏది తినాలి, ఏది వద్దనాలి, ఎలా వద్దనాలి? ఇంకో సంగతి, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. అప్పటికి నెల తప్పి ఉండొచ్చు కూడా.

సమాధానం: మీవారి సలహాలో సగం మంచిది, సగం మిమ్మల్ని ఇరికించేది. ఒక్క ముద్ద రుచి చూడమనడం మంచిదే. రుచి చూసిన ప్రతిదాన్నీ బాగుందనమనడంతోనే చిక్కు. మొదటి రోజు పొద్దున నట్టో నోట్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి మింగి ‘ఒయిషీ’ అన్నారనుకోండి. ‘బాగుంది’ అని దానర్థం. మర్నాటి నుంచి మీ గిన్నె పక్కన ఒక నట్టో డబ్బా తప్పకుండా ఉంటుంది. పాపం ఆవిడ మీకోసం మరింత మంచి రకం వెతికి తెస్తారు. అయిదో రోజున నిజం చెప్పారంటే అప్పుడు నొచ్చుకుంటారు, అదీ మీకు నచ్చనందుకు కాదు, నాలుగు రోజులు బలవంతాన తినిపించానే అని.

కాబట్టి ‘ఒయిషీ’ని నిజంగా నచ్చినవాటికే దాచుకోండి. మిగతావాటికి వేరే మాటలున్నాయి. కొత్తగా ఉన్నదాన్ని రుచి చూశాక ‘హజిమెతె నొ అజి దెస్’ అనండి, ఈ రుచి నాకిదే మొదటిసారి అని. అది నిజం, మర్యాద కూడా. నచ్చకపోతే ‘నిగతె దెస్’. ఈ ‘నిగతె’ని బాగా కంఠస్థం చేసుకోండి. ‘ఇది నాకు పడదు, నాకు చేతకాదు’ అన్న ధోరణి మాట అది. తప్పు తిండి మీదికి కాకుండా తినేవాళ్ళ మీదికి వెళ్తుంది. దాని బదులు ‘కిరాయ్’ అన్నారో, నాకు అసహ్యం అన్నట్టు వినిపిస్తుంది. నిఘంటువు చూసి మాట్లాడేవాళ్ళు చేసే పొరపాటు సరిగ్గా ఇదే. కొంచెమే వడ్డించమనడానికి ‘స్కోషి దకె’, పొట్ట నిండిందనడానికి ‘ఒనకా ఇప్పాయ్ దెస్’. అత్తగారిని పిలవడానికి ‘ఒకాసాన్’ చాలు. కోడలు అత్తగారిని అక్కడ అమ్మ అనే పిలుస్తుంది.

వడ్డించేటప్పుడే కొంచెం అనడం ఎందుకంటే, అక్కడ గిన్నెలో వదిలేయడం బాగోదు, ముఖ్యంగా అన్నం. నోటికి పట్టనిది పళ్ళెంలో అటూ ఇటూ కదుపుతూ కూర్చోవడం కంటే రెండు చాప్‌స్టిక్‌ల కొసకి వచ్చినంత పెట్టించుకుని పూర్తి చేయడం నయం.

ఇప్పుడు నట్టో. దీన్ని తప్పించుకోలేరు, ఎందుకంటే మితో అంటేనే నట్టో. స్టేషన్ బయట దానికో స్మారక చిహ్నం కూడా నిలబెట్టుకున్న ఊరది. పైగా విదేశీ కోడలు వచ్చిందంటే బంధువులు అడిగే మొదటి ప్రశ్నల్లో ‘నట్టో తినగలవా’ అన్నది ఖాయం. అది పరీక్ష కాదు, పలకరింపు. ‘ఇంకా నేర్చుకుంటున్నా’ అన్నా నవ్వేసి ఊరుకుంటారు.

నట్టో అంటే ఉడికించిన సోయా గింజలకి ఒక రకం బాక్టీరియా పట్టించి, సుమారు 40 డిగ్రీల వెచ్చదనంలో ఇరవై గంటల పాటు పులియబెట్టింది. ఆ జిగురు దారాలు ఆ బాక్టీరియా చేసినవే. చెడిపోయిన గుర్తు కాదు. ఫ్రిజ్‌లో పెట్టినా పులియడం మెల్లగా సాగుతూనే ఉంటుంది. అందుకని గడువు తేదీ దగ్గర పడ్డ డబ్బా ముక్కు అదిరేలా అమ్మోనియా వాసన కొడుతుంది. పంటికింద ఇసకలా తగిలే తెల్లటి పలుకులు కూడా పాతబడ్డ గుర్తే. హానేం లేదు గానీ మొదటిసారి తినేవాళ్ళకి అది కాదు పెట్టాల్సింది. చాలామంది నట్టోని జన్మలో ముట్టనని ఒట్టు పెట్టుకునేది పాత డబ్బాతో, వేడి అన్నంతో, పెద్ద ముద్దతో మొదలుపెట్టడం వల్లే. వేడి తగిలితే వాసన లేస్తుంది. మీరు అన్నీ తలకిందులు చేయండి.

ముందు తాజా డబ్బా, చిన్న గింజ రకం తెప్పించమనండి. తెల్లటి నురుగు డబ్బాలో 40-45 గ్రాములుంటుంది. మూత తీస్తే గింజల మీద పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద రెండు చిన్న పొట్లాలు: తీపి కలిసిన సోయా పులుసు ‘తారే’, పసుపు రంగు ఆవముద్ద ‘కరాషి’. పొట్లాలు పక్కన పెట్టి, పొరని ఒక మూల నుంచి లోపలికి మడుస్తూ ఎత్తండి. సర్రున లాగితే దారాలు బల్లంతా, చేతులంతా పాకుతాయి. అలవాటున్నవాళ్ళు ముందు ముప్పయి సార్లు తిప్పి, నురగలా తెల్లబడ్డాక తారే పోస్తారు. మీకు దారమే బాధ కాబట్టి ముందే తారే పోసి ఆరేడు సార్లు తిప్పి ఆపేయండి, జిగురు పల్చబడుతుంది. ఆవముద్ద మొత్తం వేయండి. వాసనని లాగేసేది అదే. సన్నగా తరిగిన ఉల్లికాడలుంటే ఇంకా మేలు.

తినడం ఇలా: గోరువెచ్చగా చల్లారిన అన్నం ఒక చెంచాడు, దాని మీద అయిదారు గింజలు, అన్నీ కలిపి ఒక నోరి ముక్కలో చుట్టి ఒక్కసారిగా నోట్లో పెట్టుకోండి. నోరి అంటే కాల్చిన సముద్రపు నాచు కాగితం. దాని కరకర వల్ల జిగురు తెలియదు. చాప్‌స్టిక్‌లకి దారం సాగితే గాల్లో రెండు మూడు చుట్లు తిప్పండి, తెగిపోతుంది. అదీ కుదరకపోతే ఆ ఊళ్ళోనే ‘సొబొరో నట్టో’ అడగండి. ఎండబెట్టిన ముల్లంగి ముక్కలు కలిపి సోయా పులుసులో నానబెట్టిన రకమది. పంటికి ముల్లంగి తగులుతుంటే మెత్తటి జారుడు మీద ధ్యాస పోదు. మొదటి పరిచయానికి మామూలు నట్టో కంటే ఇదే మేలని మా అభిప్రాయం. మూడు వేర్వేరు రోజులు ఇలా ప్రయత్నించి అప్పటికీ మింగుడు పడకపోతే ‘నట్టో వ నిగతె దెస్’ అని నిశ్చింతగా అనండి. జపాన్‌లోనే నట్టో ముట్టనివాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. గర్భంతో ఉన్నా నట్టోకి అభ్యంతరం లేదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వాడేవాళ్ళు మాత్రం ఒక్క గింజ కూడా తినకూడదు. అందులోని విటమిన్ కె మందుని పనిచేయనివ్వదు. మీతో పెద్దవాళ్ళెవరైనా వస్తుంటే గుర్తుంచుకోండి.

పచ్చి చేప విషయానికి వచ్చే ముందు ఒక పని. బయల్దేరే ముందు రోజు గర్భ పరీక్ష చేసుకోండి. ఫలితాన్ని బట్టి మీ జాబితా మారుతుంది. గర్భం ఉంటే పచ్చి చేప, పచ్చి గుడ్డు, మద్యం, పొగబెట్టిన సాల్మన్, చేప కాలేయం అన్నీ పక్కన పెట్టేయడం మంచిది. పెద్ద ట్యూనా చేపల్లో పాదరసం ఎక్కువ. జపాన్ ఆరోగ్య శాఖే గర్భిణులకి కురోమగురో, మెబాచి లాంటి ట్యూనాలు వారానికి 80 గ్రాములు దాటొద్దని చెబుతుంది. తేలకపోతే ఉన్నట్టే అనుకుని నడుచుకోండి.

అంత తొందరగా అత్తవారికి చెప్పాలని మీకుండకపోవచ్చు. అప్పుడు ‘నమమొనొ వ నిగతె దెస్’ అనండి. ‘పచ్చివేవీ నాకు పడవు’ అని. జపాన్ వాళ్ళలోనే ఈ మాట అనేవాళ్ళు చాలామంది, ఎందుకని ఎవరూ తరచి అడగరు. సుషి (పులుపు కలిపిన అన్నం మీద చేప ముక్క పెట్టినది) అమ్మే దుకాణంలో కూడా మీకు వండినవి దొరుకుతాయి: ఉడికించిన రొయ్య ‘ఎబి’, మెత్తగా ఉడికించి తీపి పులుసు పూసిన సముద్రపు పాము చేప ‘అనగో’, తియ్యటి గుడ్డు అట్టు ‘తమాగో’. దోసకాయ చుట్ట ‘కప్పా మాకి’లో చేపే ఉండదు.

గర్భం లేదని తేలి, ప్రయత్నించాలనిపిస్తే ఇంట్లో సాషిమి (వట్టి పచ్చి చేప ముక్కలు) పళ్ళెంతో కాకుండా సుషితో మొదలుపెట్టండి. పులుపు కలిసిన అన్నం చేప చల్లదనాన్ని, మెత్తదనాన్ని మరిపిస్తుంది. ముందు ట్యూనా ఎర్ర భాగం ‘అకామి’. వాసన దాదాపు ఉండదు, మెత్తగా తెగుతుంది. తర్వాత తెల్ల చేప ‘తాయ్’. కణవ పచ్చిగా ఎంత నమిలినా నోట్లోనే తిరుగుతుంటుంది, మొదటి రోజు వద్దు. సముద్రపు ముళ్ళచిప్ప ‘ఉని’, కణవని దాని కాలేయంతో కలిపి ఉప్పులో ఊరబెట్టిన ‘షియోకరా’ అసలే వద్దు. షియోకరా అయితే అక్కడ కూడా మందుబాబుల నంజుడే. సోయాలో అన్నం వైపు ముంచితే అన్నం విచ్చిపోతుంది, ఉప్పు కషాయమవుతుంది. చేప వైపే ఒక అంచు తాకించండి. సుషిలో పెట్టే ఆకుపచ్చ ముద్ద ‘వసాబి’ ఘాటు నాలుకకి కాదు, ముక్కుకి ఎక్కుతుంది. ఎక్కినప్పుడు నీళ్ళు తాగితే ఫలితం ఉండదు, నోటితో గాలి పీల్చి ముక్కుతో వదలండి.

‘వసాబి ఉందిగా, పురుగులు చస్తాయి’ అని మామగారు ధైర్యం చెప్పొచ్చు. చావవు. పచ్చి చేపలో ఉండే ‘అనిసాకిస్’ అనే పరాన్నజీవి సన్నటి తెల్ల దారంలా, రెండు మూడు సెంటీమీటర్లుంటుంది. వసాబి, సోయా, సిర్కా దాన్నేం చేయలేవు. మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు గడ్డకట్టించాలి, లేదా 60 డిగ్రీల్లో నిమిషం పాటు లోపలి దాకా ఉడకాలి. అందుకే సిర్కాలో ఊరబెట్టిన కానాగంత ‘షిమె సబా’ని వండినదనుకుని తినకండి. ఎవరో బంధువు ఆ పొద్దున తానే పట్టి తెచ్చిన చేపని ఇంట్లో కోసి పెడితే, గడ్డకట్టించారా అని మీవారితో అడిగించి, లేదంటే వేయించమనండి. తిన్న కొన్ని గంటలకి పై పొట్టలో మెలిపెట్టే నొప్పి వస్తే అజీర్తి మాత్ర వేసుకుని పడుకోకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ఏం చేప ఎప్పుడు తిన్నారో చెబితే ఎండోస్కోపీతో చూసి పురుగుని పట్టి తీసేస్తారు.

పచ్చి గుడ్డు పొద్దున భోజనంలో రావచ్చు: వేడి అన్నం మీద పగలగొట్టి, చెంచాడు సోయా వేసి కలుపుకునే ‘తమాగో కకె గోహాన్’. అక్కడ గుడ్లని కడిగి శుభ్రం చేసి, పెట్టెల మీద వేసే తేదీని పచ్చిగా తినడాన్ని లెక్కలో పెట్టుకునే వేస్తారు. అందుకే వాళ్ళకి భయం లేదు. ఆరోగ్యవంతులు తేదీ లోపలి గుడ్డు తింటే ముప్పు చాలా తక్కువ, గర్భిణులకి మాత్రం వద్దు. పూర్తిగా ఉడికించినది కావాలంటే ‘యుదె తమాగో’ అనండి. ‘ఒన్సెన్ తమాగో’ అన్నది వేరు, అది సగం ఉడికింది.

ఇక డిసెంబర్ 31 రాత్రి నుంచి జనవరి 3 దాకా వేరే లోకం. మామూలు రోజుల భోజనాన్ని చూసి సిద్ధపడి వెళ్ళినవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే.

31 రాత్రి ‘తొషికోషి సోబా’. పొడుగాటి నూడుల్స్ దీర్ఘాయువుకి గుర్తు, అర్ధరాత్రి లోపు తినేయాలి. సోబాలో ముఖ్యంగా ఉండేది బక్‌వీట్ పిండి, చాలావాటిలో గోధుమ పిండి కూడా కలుస్తుంది. కొందరికి బక్‌వీట్ అలర్జీ ప్రాణం మీదికి తెస్తుంది. మీరు ఎప్పుడూ తినలేదంటే, బయల్దేరే ముందే, ఆసుపత్రి దగ్గర్లో ఉన్నప్పుడు, పగటిపూట కొంచెం తిని చూసుకోండి. పెదాలు వాచినా, గొంతు పట్టేసినా ఆ ఇంట్లో సోబా ఉడికించిన నీళ్ళు కూడా మీకు తగలకూడదు. జుర్రుమని శబ్దం చేస్తూ తినడం అక్కడ తప్పు కాదు. మీరు చేయకపోయినా తప్పు కాదు.

1వ తేదీ పొద్దున ‘ఒసేచి’. అంతస్తులుగా పేర్చిన లక్క పెట్టెల్లో, ముందే వండి పెట్టిన చిన్న చిన్న వంటకాలు. మూడు రోజులు నిలవ ఉండాలి కాబట్టి పంచదార, సోయా, సిర్కా దట్టంగా పడతాయి. అన్నీ చల్లగానే తింటారు. కొత్తవాళ్ళని ఇబ్బంది పెట్టేది పచ్చిదనం కాదు, ఈ చల్లటి తీపి. గుడ్డు అట్టు తీపి, చిక్కుడు గింజ తీపి, ఎండు చేప కూడా తీపే. ఒకేసారి పళ్ళెం నింపుకోకుండా ఒక తీపి, ఒక పులుపు మార్చి మార్చి తినండి. ముల్లంగి, క్యారెట్ సన్నగా తరిగి సిర్కాలో వేసిన ‘నమాసు’ పక్కన ఉంటే మిగతావన్నీ దిగుతాయి. ధైర్యంగా తినగలిగేవి: నల్ల సోయా గింజలు ‘కురొమామె’, చిలగడదుంప ముద్దలో చెస్ట్‌నట్ కలిపిన ‘కురికింటోన్’, చిల్లులున్న తామర దుంప ముక్కలు. భవిష్యత్తు ఆ చిల్లుల్లోంచి కనబడుతుందట. ‘తజుకురి’ అన్నవి తలకాయ, కళ్ళతో సహా పాకం పట్టిన ఎండు చేప పిల్లలు. కళ్ళు చూడకుండా నమిలితే కరకరలాడే చిరుతిండే. హెర్రింగ్ చేప గుడ్ల ముద్ద ‘కజునోకో’ని అత్తగారు చిన్న నవ్వుతో మీ వైపు జరిపితే కంగారు పడకండి, అది సంతానానికి గుర్తు. పంటికింద పటపటమంటుంది. ఉప్పు ఎక్కువగా తగిలితే నానబెట్టిన నీళ్ళు సరిపోలేదని అర్థం, ఒక చిన్న ముక్కతో ఆపేయొచ్చు. పండగ సారాయి ‘తొసో’ చిన్న గిన్నెలో ఇస్తారు. రెండు చేతులా అందుకుని పెదవికి తాకించి కింద పెడితే సరిపోతుంది. ‘అమజాకె’ ఇస్తే దేంతో చేసిందని అడగండి. కోజి అనే బూజు పట్టించిన అన్నంతో చేసిన దాంట్లో మద్యం ఉండదు, సాకె (బియ్యపు మద్యం) పిప్పితో చేసిన దాంట్లో కాస్త ఉంటుంది.

అదే పూట ‘ఓజోని’. మితో వైపు పలచటి సోయా పులుసులో కోడి ముక్కలు, ఆకుకూర, కాల్చిన చతురస్రపు మోచి వేస్తారు. మోచి అంటే ఉడికించిన జిగురు బియ్యాన్ని దంచి చేసిన ముద్ద, చూయింగ్ గమ్‌లా సాగుతుంది. రుచిలో ఏ భయమూ లేదు, భయమంతా గొంతు దగ్గరే. ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో మోచి గొంతుకి అడ్డం పడి ఆసుపత్రి పాలయ్యేవాళ్ళుంటారు, ఎక్కువగా వృద్ధులు. ముందు రెండు గుక్కలు పులుసు తాగి గొంతు తడుపుకోండి. మోచిని గిన్నెలోనే చాప్‌స్టిక్‌లతో వేలి గోరంత ముక్కలు చేసుకోండి. కొరికి లాగితే తెగక పొడవాటి పట్టీ నేరుగా గొంతులోకి జారుతుంది. నములుతున్నప్పుడు ఎవరు పలకరించినా తల ఊపండి చాలు.

చలికాలం కాబట్టి ఏదో ఒక రాత్రి ‘ఆంకో నాబె’కి తీసుకెళ్ళడం దాదాపు ఖాయం. మితో ఉన్న ఇబరాకి ప్రాంతపు తీరంలో దొరికే యాంగ్లర్ చేప కుండపులుసు అది. చేప చూడ్డానికి భయంకరంగా, జిగటగా ఉంటుంది. బల్ల మీద నిలవదని వేలాడదీసి కోస్తారు. చర్మం, మొప్పలు, పొట్ట, కాలేయం, ఏదీ పారేయరు. మీరు తెల్ల కండతో మొదలుపెట్టండి, రొయ్యలాగా గట్టిగా, వాసన లేకుండా ఉంటుంది. తర్వాత చర్మం, అది జెల్లీ. కాలేయం ‘ఆంకిమో’ వెన్నలా కరుగుతుంది, జనం దానికోసమే వెళ్తారు. మీరు మాత్రం దాని జోలికి పోవద్దు. వంద గ్రాముల ఆంకిమోలో విటమిన్ ఎ 8300 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. పెద్దవాళ్ళకి అక్కడ పెట్టిన రోజు గరిష్ఠ హద్దు 2700. అంటే రెండు మూడు ముక్కలకే ఆ రోజు కోటా అయిపోతుంది. గర్భం తొలి వారాల్లో ఈ విటమిన్ మోతాదు మించితే బిడ్డకి హాని. ముక్క తీసుకోకుండా ఊరుకుంటే చాలదు, ఎందుకంటే ‘దొబుజిరు’ అనే పద్ధతిలో కాలేయాన్ని పులుసులోనే కరిగిస్తారు. అది ఏ పద్ధతో ముందే అడిగి, దొబుజిరు అయితే మీకు వేరే ఏదైనా చెప్పించుకోండి.

నిర్మొహమాటంగా వద్దనాల్సినవి కొన్ని. పచ్చి కోడి మాంసం ‘తొరిసాషి’ ఎంత పేరున్న చోటైనా వద్దు. కాంపిలోబాక్టర్ అనే బాక్టీరియా తాజా కోడిలోనూ ఉంటుంది, తాజాదనం దానికి మందు కాదు. పచ్చి గొడ్డు కాలేయాన్ని 2012లో, పచ్చి పంది మాంసాన్ని 2015లో హోటళ్ళలో వడ్డించడం జపాన్ ప్రభుత్వమే నిషేధించింది. విషముండే ఫుగు చేపని లైసెన్సున్న వంటవాడి దగ్గర తినొచ్చు, దాని కాలేయం మాత్రం ఎవరు పెట్టినా ముట్టకూడదు. 1975లో కబుకి అనే సంప్రదాయ నాటక మహానటుడు ఎనిమిదో బాండో మిత్సుగోరో ప్రాణం తీసింది అదే. ఆ విషం ఉడికించినా పోదు.

కడుపు విషయంలో సూత్రం సులువు: పూటకి ఒక్క కొత్త పదార్థం. మూడు కొత్తవి ఒకే పూట తిని కడుపు చెడితే దేని వల్లో తెలియదు, మర్నాడు అన్నీ మానేస్తారు. అన్నం మూడు పూటలా ఉంటుంది కాబట్టి కాలే కడుపుతో ఉండే పరిస్థితి రాదు. కారం లేక నాలుక చచ్చిపోతే ‘షిచిమి’ అడగండి. మిరప, నువ్వులు, నారింజ తొక్క కలిసిన పొడి. కానీ ముందు ఒక గుక్క రుచి చూసి తర్వాతే చల్లుకోండి. రుచి చూడకుండానే చల్లితే వండినావిడ గమనిస్తారు. మాంసం పచ్చళ్ళు సూట్‌కేసులో పెట్టుకెళ్ళకండి. తనిఖీ పత్రం లేని మాంసం ఏ రూపంలో ఉన్నా విమానాశ్రయంలో ఆపేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. చాప్‌స్టిక్‌ల విషయంలో రెండే రెండు తప్పులు నిజంగా తప్పులు: అన్నంలో నిలువుగా గుచ్చడం, ఒకరి చాప్‌స్టిక్‌ల నుంచి మరొకరు చాప్‌స్టిక్‌లతో అందుకోవడం. రెండూ చావుకి సంబంధించిన తంతులు. మిగతా తడబాటుని ఎవరూ పట్టించుకోరు.

మిగిలింది గొడ్డు, పంది మాంసాలు. ఇది భోజనాల బల్ల దగ్గర తేల్చుకునేది కాదు, వంటగదికి ముందే చేరాల్సిన మాట. ఫోన్ చేసి చెప్పాల్సింది మీవారు, మీరు కాదు. వాళ్ళ భాషలో కొడుకు చెబితే అది సమాచారం, కొత్త కోడలు చెబితే ఫిర్యాదులా వినిపించొచ్చు. ఆయన చెప్పాల్సిన వాక్యం: ‘గ్యూనికు తొ బుతానికు వ తబెరారెనై’. ‘తినదు’ అని కాకుండా ‘తినడం కుదరదు’ అని. వట్టి ‘నికు’ (మాంసం) తినదంటే చాలదు. చాలామంది లెక్కలో హామ్, బేకన్ ఆ మాట కిందికి రావు. మాంసం ముక్కగా కనబడని చోట్లు కూడా ఆయనే విప్పి చెప్పాలి. డబ్బా కూర ముద్దల్లో గొడ్డు కొవ్వు, పంది కొవ్వు ఉండడం మామూలు. రామెన్ నూడుల్స్ పులుసు చాలాచోట్ల పంది ఎముకలది. గ్యోజా కుడుముల్లో పంది కైమా, కొరొక్కె వేపుళ్ళలో గొడ్డు, పంది కలిపి రుబ్బిన కైమా, బంగాళాదుంప సలాడ్‌లో హామ్ ముక్కలు. కుండపులుసు రాత్రి మీకు విడిగా చిన్న గిన్నె పెట్టమనొచ్చు, లేదా అందరికీ కోడి ‘మిజుతాకి’ చేస్తే గొడవే ఉండదు. చాలా వంటలకి మూలమైన ‘దాషి’ పులుసు మామూలుగా చేపది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. పూర్తి శాకాహారులకైతే అసలు యుద్ధం అక్కడే మొదలయ్యేది. బయట కొనేవాటికి, గొడ్డు, పంది అన్న రెండు జపాన్ అక్షరాలు మీవారితో పెద్దగా రాయించుకుని ఫోన్‌లో ఫొటో పెట్టుకోండి. డబ్బాల వెనక అలర్జీ వివరాల్లో ఆ రెండూ తరచుగా కనబడతాయి.

ఈ ఫోన్ ఎప్పుడో చేద్దాంలే అని ఆయన అనొచ్చు. అననీయకండి. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఒసేచి పెట్టెలు దుకాణాల్లో ముందే ఆర్డరిస్తారు, ఆ ఆర్డర్లు శరదృతువులోనే మొదలవుతాయి. ఈ కాలపు పెట్టెల్లో ఒక అంతస్తు నిండా రోస్ట్ బీఫ్, హామ్ ఉండడం మామూలే. మీ అత్తగారు పెట్టె ఎంచుకునేలోపు ఆ మాట ఆవిడ చెవిన పడాలి. ఈ వారాంతంలోనే చేయించండి.